ఉప్పునీటి చేపల తొట్టెకు నీలి దీపం అవసరమా?

(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17న మనం ఎందుకు కలుసుకుంటామో ఈ సభలో చెప్పనక్కర్లేదు. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల పెన్షను దయాధర్మం కాదు, హక్కు అని తేలింది. నా కంటే ముందు మాట్లాడిన మిత్రులు కరువు భత్యం గురించీ, ఆసుపత్రి బిల్లుల గురించీ చెప్పవలసినదంతా చెప్పారు. "మీరు మీ చేపల సంగతి చెప్పండి, సభ కొంచెం తేలిక పడుతుంది" అని కార్యదర్శి గారు నన్ను నిలబెట్టారు. తేలిక పడుతుందో లేదో నేను హామీ ఇవ్వలేను. ఈ చేపల సంగతిలో నా సర్వీసు నాటి ఒక ఫైలు కూడా కలిసి ఉంది.

విశాఖపట్నంలో మా ఇంటి హాలులో నాలుగడుగుల ఉప్పునీటి చేపల తొట్టె ఉంది. మన సంఘ సభ్యులు చాలామంది చూశారు. చూసినవారు చేపల పేర్లు అడిగాక, తొట్టె కింద అరలోంచి వచ్చే నీలపు వెలుగు చూసి, "అదేమిటండీ, అది లేకపోతే చేపలు బతకవా?" అని అడుగుతారు. ఈమధ్య మన సభ్యులిద్దరు మనవల కోసం ఇలాంటి తొట్టెలు పెట్టించుకుని, ఆ దీపం కూడా కొనాలా వద్దా అని నాకు ఫోను చేశారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే కన్నా ఇక్కడ ఒకసారి చెబితే నాకూ గొంతు కలిసి వస్తుంది.

దానిని యూ.వీ. స్టెరిలైజర్ అంటారు. అతినీలలోహిత కిరణాలతో నీటిలోని క్రిములను చంపే పరికరం. ఒక ప్లాస్టిక్ గొట్టం, దాని లోపల క్వార్ట్జ్ గాజు తొడుగు, ఆ తొడుగులో సన్నని ట్యూబులైటు. తొట్టెలోని నీటిని మోటారు ఆ గొట్టంలోకి తోస్తుంది. నీరు దీపం పక్కనుంచి పోయి మళ్లీ తొట్టెలో పడుతుంది. అంతే. మన వంటింట్లో గోడకు తగిలించుకున్న నీటి శుద్ధి యంత్రాలలో చాలావాటిలో ఉండేది కూడా ఇదే దీపం.

ఇది కొత్త విద్య కాదు. సూర్యరశ్మి సూక్ష్మజీవుల పెరుగుదలను ఆపుతుందని 1877లోనే ఇంగ్లండులో డౌన్స్, బ్లంట్ అనే ఇద్దరు చూపించారు. చర్మానికి వచ్చే క్షయకు వెలుగుతో చికిత్స చేసినందుకు డెన్మార్క్ వైద్యుడు ఫిన్సెన్ గారికి 1903లో నోబెల్ బహుమతి వచ్చింది. 1910లో ఫ్రాన్సులోని మార్సేల్స్ పట్టణంలో తాగునీటికి ఈ దీపాలు పెట్టి చూశారు. ఇప్పటి దీపాలలో పాదరసపు ఆవిరి ఉంటుంది. అది 254 నానోమీటర్ల కిరణాన్ని ఇస్తుంది. ఆ కిరణం క్రిమి లోపలి వంశలిపిని దెబ్బ తీస్తుంది. క్రిమి వెంటనే చచ్చినా చావకపోయినా ఇక పిల్లల్ని పెట్టలేదు. ఇక్కడ మీరు గుర్తుంచుకోవలసినది ఒకటుంది. ఆ కిరణం మన కంటికి కనపడదు. మనకు కనిపించే నీలి వెలుగు దానితో పాటు వచ్చే వేరే వెలుగు. ఈ మాట దగ్గరకు నేను మళ్లీ వస్తాను.

మా తొట్టె కథ హుద్‌హుద్ తుపానుతో మొదలైంది. అప్పటికి మా ఇంట్లో ఉన్నది మంచినీటి తొట్టె, అందులో నాలుగు బంగారు చేపలు. 2014 అక్టోబరు 12న తుపాను మన ఊరి మీద దాటింది. విశాఖ వాసులకు దాని గురించి వర్ణన అక్కర్లేదు. రోజుల తరబడి కరెంటు లేదు. గాలి మోటారు ఆగిపోయి చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. అప్పుడు ఏడేళ్లవాడైన మా మనవడు చెంబు పట్టుకుని తొట్టెలో నీళ్లు ముంచి ఎత్తునుంచి మళ్లీ అందులోనే పోయడం మొదలుపెట్టాడు. వాడు అలసిపోతే నేను, నేను అలసిపోతే మా ఇంటావిడ. రాత్రి కూడా వంతులు వేసుకున్నాము. నాలుగు చేపలూ దక్కాయి. ఆ నాటినుంచి వాడికి చేపలంటే ప్రాణం. అందుకే ఎవరు తొట్టె పెట్టినా మొట్టమొదట బ్యాటరీ మీద నడిచే గాలి పంపు కొనమంటాను. అది నీలి దీపం కన్నా ఎంతో చవక, ఎన్నో రెట్లు అవసరం.

2016లో ఉప్పునీటి తొట్టె పెట్టాము. సముద్రం రెండు కిలోమీటర్లలో ఉండగా ఉప్పు పొడి కొనడమేమిటని మా బావగారు నవ్వారు. ఒడ్డున ఉండే నీటిలో ఊరి మురుగు ఉంటుంది, పరాన్నజీవులు కూడా ఉంటాయి. అందుకని ఫిల్టరు నీటిలో లీటరుకు 35 గ్రాముల లెక్కన సముద్రపు ఉప్పు మిశ్రమం కలుపుకున్నాము. పగడాల జోలికి పోలేదు. రాతి పగడాలు, సముద్రపు గుర్రాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులికి ఎంత రక్షణో వాటికీ అంతే. ఎవరైనా దుకాణంలో చాటుగా తెచ్చి చూపిస్తే మీరు చేతులు వెనక్కి కట్టుకోండి. పెన్షను వయసులో ఆ కేసులు మనకెందుకు. మేము పెట్టినవి కృత్రిమ రాళ్లు, ఇసుక, రెండు క్లౌన్ చేపలు, మూడు నీలి డామ్సెళ్లు. క్లౌన్ చేపలు సముద్రంలో పట్టినవి కావు, తొట్టెల్లో పొదిగించినవి. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు వాటిని బందీగా పొదిగించి పెంచే పద్ధతులు తయారు చేశారు. ఆ చేపలు పుట్టినప్పుడు అన్నీ మగవే. జంటలో పెద్దది ఆడదిగా మారుతుంది. ఈ సంగతి చెబితే మా ఇంటావిడ, "ఇంటి పెత్తనం ఎవరిదో చేపలకు కూడా తెలుసు" అన్నది.

రెండేళ్లు ఏ చిక్కూ లేకుండా గడిచాయి. 2018లో మనవడి పుట్టినరోజుకు వాడు అడిగిన చేప కొన్నాను. పౌడర్ బ్లూ టాంగ్ అంటారు. హిందూ మహాసముద్రపు చేప. ఒళ్లంతా లేత నీలం, వీపు మీద పసుపు రెక్క. నా నెల పెన్షనులో దాని వాటా ఎంతో ఇంట్లో ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు. దుకాణం నుంచి తెచ్చి, సంచిని అరగంట నీటిలో తేలనిచ్చి, నేరుగా తొట్టెలో వదిలేశాము. అయిదో రోజు ఉదయం దాని రెక్కల మీద ఉప్పు రవ్వలు చల్లినట్లు తెల్లటి చుక్కలు. చేప రాళ్లకేసి ఒళ్లు రుద్దుకుంటోంది.

దుకాణం ఆయనకు ఫోను చేశాను. "మాస్టారూ, యూ.వీ. లేకుండా తొట్టె ఎలా నడుపుతున్నారండీ? దీపం పెట్టండి, నాలుగు రోజుల్లో తగ్గిపోద్ది" అన్నాడు. ఆ సాయంత్రమే 9 వాట్ల దీపం తెచ్చి బిగించాము. మనవడు తొట్టె ముందు చాప వేసుకుని పడుకున్నాడు. రెండు రోజులకు టాంగ్ చేప పోయింది. ఆ తర్వాత వారంలో డామ్సెళ్లు మూడూ, ఒక క్లౌన్ చేప పోయాయి. నీలి దీపం మాత్రం చక్కగా వెలుగుతూనే ఉంది. ఐదు చేపలనూ మామిడి చెట్టు మొదట్లో పాతిపెట్టాక, వాడు నన్నేమీ అనలేదు. "తాతయ్యా, దీపం వేశాం కదా" అన్నాడు, అంతే. నెల రోజులు వాడు హాలులో కూర్చోవడమే మానేశాడు.

ముప్పై అయిదేళ్లు గుమాస్తాగిరీ చేసినవాడిని. ఫైలు తిరిగి వస్తే ఎందుకు వచ్చిందో చూడకుండా ఉండలేను. పుస్తకాలు తెప్పించి చదివాను, తెలిసినవారిని అడిగాను. అప్పుడు తెలిసింది, తప్పు దీపానిది కాదని.

ఆ తెల్ల చుక్కల జబ్బును కలిగించేది క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి. దాని జీవితం నాలుగు దశలు. చుక్కగా కనిపించేటప్పుడు అది చేప చర్మం లోపల దూరి తింటూ ఉంటుంది. మూడు రోజుల నుంచి వారం దాకా అలా ఉంటుంది. కడుపు నిండాక రాలిపోయి ఇసుకలోకో రాయి మీదికో పాకి, చుట్టూ గట్టి తిత్తి కట్టుకుంటుంది. ఆ తిత్తిలో అది చీలి చీలి ఒక్కటి రెండు వందల దాకా అవుతుంది. తిత్తి పగిలి ఆ పిల్లలు నీటిలోకి వస్తాయి. అవి ఒకటి రెండు రోజుల్లో చేపను పట్టుకోకపోతే చచ్చిపోతాయి. ఎక్కువగా అవి బయటికి వచ్చేది చీకటిలో, చేపలు అడుగున నిద్రపోయే వేళకు.

ఇప్పుడు మీరే చెప్పండి. ఈ నాలుగు దశలలో మన దీపం ముందుకు వచ్చేది ఎప్పుడు? చేప ఒంట్లో ఉన్నది రాదు. పాకేది రాదు. ఇసుకలో తిత్తి కట్టుకున్నది రాదు. నీటిలో ఈదే పిల్ల ఒక్కటే, అదీ మోటారు దాన్ని లాక్కుంటేనే వస్తుంది. ఆ పిల్లకు పక్కనే నిద్రపోతున్న చేప జానెడు దూరం. మోటారు నోరు తొట్టెకు ఆ చివర.

దీనికి లెక్క కూడా ఉంది, కొంచెం ఓపిక పట్టండి. మా తొట్టె కొలతల ప్రకారం 250 లీటర్లు. రాళ్లు, ఇసుక పోను నీరు 200 లీటర్లు. మోటారు గంటకు 200 లీటర్లు తోస్తుంది. అయితే గంటలో నీరంతా దీపం కిందనుంచి పోయినట్లే కదా అని నేనూ అనుకున్నాను. కాదు. దీపం కిందనుంచి వచ్చిన నీరు మళ్లీ పాత నీటిలోనే కలుస్తుంది. అందులో కొంత రెండోసారి, మూడోసారి పోతుంది, కొంత ఒక్కసారి కూడా పోదు. ఆఫీసులో ఒకే ఫైలు ఒకే బల్ల మీదికి నాలుగుసార్లు రావడమూ, ఇంకో ఫైలు బీరువాలోంచి కదలకపోవడమూ మనం ఎరగనిది కాదు. లెక్క కడితే గంట తర్వాత దీపాన్ని చూడని నీరు ఇంకా 74 లీటర్లు ఉంటుంది. రెండు గంటలకు 27 లీటర్లు, మూడు గంటలకు 10 లీటర్లు. ఆ మిగిలిన నీటిలో ఈదే పిల్లలకు మూడు గంటలు చాలా ఎక్కువ సమయం.

అయితే మోటారు వేగం పెంచితే? అప్పుడు ఇంకో చిక్కు. నీరు దీపం దగ్గర ఎంతసేపు నిలిస్తే అంత మోతాదు తగులుతుంది. తాగునీటి బాక్టీరియాలు చిన్నవి, కొద్ది మోతాదుకే లొంగుతాయి. తాగునీటికి చదరపు సెంటీమీటరుకు 40 మిల్లీజౌళ్ల మోతాదు ఉండాలని ప్రమాణం పెట్టుకున్నారు. ఈ పరాన్నజీవి బాక్టీరియా కన్నా ఎంతో పెద్దది. దానికి అంతకు ఎన్నో రెట్లు కావాలి. అంటే నీరు నెమ్మదిగా పోవాలి. నెమ్మదిగా పోతే పిల్లలు దీపం దాకా రాకముందే చేపను పట్టుకుంటాయి. వేగంగా పోతే దీపం దాకా వచ్చినవి బతికి బయటపడతాయి. మనం ఇళ్లలో పెట్టుకునే చిన్న దీపం ఈ రెండు పనులూ ఒక్కసారి చేయలేదు. పెద్ద దీపాలు, పెద్ద మోటార్లు ఉన్న చోట సంగతి వేరు. మన కోస్తాలోని రొయ్య పిల్లల హేచరీలలో సముద్రపు నీటిని వడకట్టి, ఈ కిరణాల కింద నడిపి మరీ లోపలికి తీసుకుంటారు. అక్కడ నీరు దీపాన్ని దాటాకే రొయ్య పిల్లను చేరుతుంది. మన తొట్టెలో చేప, జబ్బు, దీపం అన్నీ ఒకే నీటిలో. ఆ తేడా నాకు ఐదు చేపలు పోయాక అర్థమైంది.

మరి ఏం చేయాలి? దీపం కొనే డబ్బుతో ముందు రెండు ప్లాస్టిక్ టబ్బులు కొనండి. మిగిలిన ఒక్క క్లౌన్ చేపను నేను బతికించుకున్నది వాటితోనే. మందు కూడా వాడలేదు. ఒక టబ్బులో అదే ఉప్పు, అదే వెచ్చదనం ఉన్న కొత్త నీరు పోసి, గాలి గొట్టం పెట్టి చేపను అందులో ఉంచాలి. 72 గంటలకు, అంటే సరిగ్గా మూడు రోజులకు, రెండో టబ్బులోని కొత్త నీటిలోకి మార్చాలి. మొదటి టబ్బును కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. గాలి గొట్టం కూడా అంతే. చేప నుంచి రాలిన క్రిములు తిత్తి కట్టుకుని, అవి పగిలేలోగా ఆ టబ్బు ఎండలో ఎండిపోతుంది. ఇలా నాలుగు మార్పిడులు చేస్తే పన్నెండు రోజులకు చేప ఒంటి మీద ఏమీ మిగలదు. ఉదయం ఆరు గంటలకు నేను టబ్బులు మారుస్తుంటే మా ఇంటావిడ, "మా అత్తగారు బాలింతకు కూడా ఇన్ని నీళ్లు మార్చలేదు" అని కాఫీ ఇచ్చేది. మూడో మార్పిడి నాడు మనవడు నిద్ర లేచి వచ్చి, మాట్లాడకుండా టబ్బు రెండో వైపు పట్టుకున్నాడు.

ఇక చేపలు లేని పెద్ద తొట్టె సంగతి. అందులో తిత్తులు ఇంకా ఉన్నాయి. తిత్తి పగలడానికి 3 రోజుల నుంచి 72 రోజుల దాకా పట్టవచ్చునని పరిశోధకులు చూశారు. కాబట్టి మోటార్లు నడుపుతూ, ఒక్క చేప కూడా లేకుండా 76 రోజులు ఉంచాలి. తిండి దొరకక అవి తమంతట అవే పోతాయి. పన్నెండు రోజుల తర్వాత క్లౌన్ చేపను ఒక పాత తొట్టెలో ఉంచి, మిగతా రోజులు క్యాలెండరులో గీతలు పెట్టుకుంటూ గడిపాము. ఆ రోజుల్లో ఇంటికి వచ్చినవారు ఖాళీ తొట్టెలో దీపాలు, నీటి గలగల చూసి, మాకు ఏమైందోనని మా ఇంటావిడను చాటుగా అడిగేవారు.

ఆ తర్వాత కొన్న ప్రతి చేపనూ ముందు టబ్బులలో ఆ మార్పిడులన్నీ చేయించి, మొత్తం నెల రోజులు విడిగా ఉంచి చూశాకే లోపలికి అనుమతించాము. కొత్తగా బదిలీ అయి వచ్చినవాడికి ముందు జాయినింగ్ రిపోర్టు, తర్వాతే సీటు. అప్పటినుంచి తెల్ల చుక్క మళ్లీ మా ఇంట కనబడలేదు.

ఇంత చెప్పి నేను ఆ దీపం పారేయలేదు. ఇప్పటికీ వెలుగుతోంది. ఎందుకు? అది చేయగలిగిన పని అది బాగా చేస్తుంది. వేసవిలో కిటికీ ఎండకు నీరు పచ్చబడితే, ఆ నీటిలో తేలే సన్నని నాచును నాలుగైదు రోజుల్లో తేటపరుస్తుంది. నీటిలో తేలే బాక్టీరియాలను తగ్గిస్తుంది. ఒంటి మీద గాయం ఉన్న చేపకు అది మేలే. మంచి బాక్టీరియాలను కూడా చంపేస్తుందని కొందరు భయపెడతారు. చేపల మలంలోని అమోనియాను విరిచే బాక్టీరియాలు రాళ్లకు, ఇసుకకు, ఫిల్టరుకు అంటుకుని ఉంటాయి. అవి దీపం దగ్గరికి రావు. వాటికి భయం లేదు. నీటిలో తేలే సూక్ష్మమైన మేత జీవులు మాత్రం దీపం కింద పోయినప్పుడల్లా కొన్ని పోతాయి. ఒక్క జాగ్రత్త. తొట్టెలో ఏదైనా మందు వేసినప్పుడు దీపం ఆపేయాలి. చాలా మందులను ఆ కిరణాలు విరగ్గొడతాయి. అప్పుడు డబ్బూ పోతుంది, రోగమూ ఉంటుంది.

పెట్టుకుంటే ఎలా పెట్టుకోవాలో కూడా చెబుతాను. దీపాన్ని దూది ఫిల్టరు తర్వాత పెట్టాలి. బురదనీటిలో కిరణాలు అంగుళం కూడా పోవు. క్వార్ట్జ్ తొడుగు మీద ఉప్పు, సున్నం పేరుకుంటాయి. రెండు మూడు నెలలకోసారి విప్పి నిమ్మరసంతో తుడవాలి. విప్పే ముందు ప్లగ్గు పీకాలి, స్విచ్చి ఆపితే చాలదు. ఉప్పునీరు, కరెంటు రెండూ ఒకచోట ఉన్నప్పుడు మెయిన్‌లో షాక్ కొట్టకుండా పడిపోయే బ్రేకరు ఉండి తీరాలి. వైరు ప్లగ్గులోకి పోయే ముందు కిందికి వేలాడేలా ఉంచితే, వైరు వెంట జారిన నీటి బొట్టు ప్లగ్గులోకి పోకుండా కింద పడుతుంది. వెలుగుతున్న దీపాన్ని ఎన్నడూ నేరుగా చూడకూడదు. చూసినప్పుడు ఏమీ తెలియదు. కొన్ని గంటలకు కళ్లలో ఇసుక పోసినట్లు మంట. 2020లో కరోనా వేళ కూరగాయలకు, నోట్లకు అంటూ ఈ దీపాల పెట్టెలు వీధుల్లో అమ్మినప్పుడు మా పక్కింటి పెద్దాయన ఒకటి కొని, మూత తెరిచి చూస్తూ కూర్చుని, రాత్రంతా కళ్లకు తడిగుడ్డ వేసుకున్నారు. దీపం పగిలితే చీపురు పట్టవద్దు. అందులో పాదరసం ఉంటుంది. కిటికీలు తెరిచి, అందరూ బయటికి వచ్చి, కాసేపటికి అట్టముక్కతో ఎత్తి విడిగా కట్టాలి.

ఇక ఆ ఫైలు సంగతి.

1987లో నేనొక ప్రభుత్వాసుపత్రి ఆఫీసులో స్టోర్సు సీటు చూసేవాడిని. ఆసుపత్రి పేరు చెప్పను. ఆపరేషన్ థియేటరులో గోడకు ఇలాంటి దీపమే ఉండేది. రాత్రి గదిలో ఎవరూ లేనప్పుడు వేసి, తలుపు మూసేవారు. ఒకరోజు థియేటరు సిస్టరు గారు ఆ ట్యూబు మార్చాలని ఇండెంటు పంపారు. ఆ ఏడు స్టోర్సు పద్దులో డబ్బు తక్కువ. నేను వెళ్లి తలుపు అద్దంలోంచి చూశాను. ట్యూబు నీలంగా, నిండుగా వెలుగుతోంది. వచ్చి నోటుఫైలులో రాశాను: "ట్యూబు వెలుగుచున్నది. మార్పిడికి కారణము తెలుపవలసినది." చదువుకున్న వాక్యంలా ఉందని ఆ రోజు నాకు కొంచెం గర్వం కూడా కలిగింది.

సిస్టరు గారు స్వయంగా నా సీటు దగ్గరకు వచ్చారు. పెద్దావిడ, ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. "గుమాస్తాగారూ, అది వెలుగుతుందండీ, కానీ పని చెయ్యదు. దాని గంటలు అయిపోయాయి" అన్నారు. నేను, "వెలిగేదాన్ని మారిస్తే ఆడిట్ వారు ఊరుకోరు తల్లీ" అన్నాను. ఆవిడ మళ్లీ రాసి పంపారు. నేను మళ్లీ తిప్పి పంపాను. నాలుగు నెలలకు కొత్త ఆర్థిక సంవత్సరం వచ్చాక ట్యూబు మంజూరైంది.

ఇందాక అన్నాను, కనిపించే నీలి వెలుగు వేరు, క్రిమిని చంపే కిరణం వేరు అని. దీపం వయసు పెరిగే కొద్దీ కనపడని కిరణం తగ్గిపోతుంది. కనపడే వెలుగు మాత్రం పాత పెళ్లి ఫోటోలా అలాగే ఉంటుంది. ఈ దీపాల ఆయుష్షు సాధారణంగా ఎనిమిది, తొమ్మిది వేల గంటలు. సంవత్సరానికి 8,760 గంటలు. అంటే రాత్రింబగళ్లు వెలిగే దీపాన్ని ఏడాదికి మార్చి తీరాలి, వెలుగుతున్నా సరే. కొన్ని చిన్న దీపాలకు ఆరు నెలలే. 2018లో మా తొట్టె దీపంతో వచ్చిన కాగితంలో ఈ మాట చదివాను. చదివి, కాగితం మడిచి, చాలాసేపు అలాగే కూర్చున్నాను. సిస్టరు గారి మాట అర్థం కావడానికి నాకు ముప్పై ఒక్క సంవత్సరాలు పట్టింది.

ఆ నాలుగు నెలల్లో ఆ గదిలో ఎన్ని ఆపరేషన్లు జరిగాయో, ఎందరికి కుట్లు చీము పట్టాయో ఆసుపత్రి రిజిస్టర్లలో ఉంటుంది. ఆ రిజిస్టర్లు నా సీటుకు రెండు గదుల అవతల ఉండేవి. నేను తెరవలేదు. థియేటరు శుభ్రత ఒక్క ట్యూబు మీద ఆధారపడి ఉండదు. కడగడం, పొగ పెట్టడం, పరికరాలు మరిగించడం అన్నీ ఉంటాయి. ఈ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. సిస్టరు గారు ఇప్పుడు లేరు. ఉంటే ఈ సభకు పిలిచి ఈ మాట ఆవిడ ఎదుట చెప్పేవాడిని.

మీలో చాలామంది వంటింట్లో నీటి యంత్రం ఉంది. అందులోనూ ఈ దీపం ఉంటే, ఇంటికి వెళ్లాక దాని మీద తేదీ చూడండి. మెకానిక్ వచ్చి "ట్యూబు మార్చాలి సార్" అంటే, "వెలుగుతోంది కదయ్యా" అని నాలాగా నోటు రాయకండి. పెట్టిన తేదీ అడగండి, ఏడాది దాటితే మార్పించండి. యంత్రంలో దీపం ఒక్కటే ఉంటే నీటిలోని ఉప్పదనం మాత్రం తగ్గదు, అది వేరే పొర చేసే పని.

చేపల తొట్టె విషయంలో నన్నడిగిన ఆ ఇద్దరు మిత్రులకు నా జవాబు ఇదీ. ముందు బ్యాటరీ గాలి పంపు. తర్వాత రెండు టబ్బులు, నెల రోజుల ఓపిక. ఆ తర్వాత కూడా డబ్బు మిగిలితే, ఏడాదికోసారి ట్యూబు మార్చే ఖర్చు భరించగలమనుకుంటే, నీలి దీపం పెట్టుకోండి. మార్చే ఉద్దేశం లేకపోతే అసలు కొనవద్దు. జబ్బు వచ్చాక పరుగెత్తి కొనేవారైతే నాకు ఒకసారి ఫోను చేసి కొనండి.

మనవడు ఇప్పుడు ఇంజనీరింగు మొదటి సంవత్సరం, హాస్టల్లో ఉన్నాడు. చేపలను మాకు వదిలి వెళ్లాడు. ఆ ఒక్క క్లౌన్ చేప ఇంకా ఉంది. దాని పక్కన ఇంకొకటి తెచ్చాము, పాతది ఆడదైంది. దీపం మీద వాడే ఒక కాగితం అంటించి, పెట్టిన తేదీ, మార్చవలసిన తేదీ తన చేతిరాతతో రాశాడు. ఈసారి గడువు ఫిబ్రవరి 3. కొత్త ట్యూబు ఇప్పటికే తెచ్చి బీరువాలో పెట్టాను. ఇండెంటు, నోటుఫైలు ఏవీ లేవు.

తొట్టె చూడదలచినవారు ఏ సాయంత్రమైనా రావచ్చు. ఆదివారం ఉదయం మాత్రం వద్దు, నీళ్లు మార్చే పని ఉంటుంది. వచ్చినవారి చేతికీ బకెట్టు ఇస్తాను.